సరమ అడిగిన మాట

మహాభారతం ఒక కుక్కని కొట్టడంతో మొదలై, ఇంకో కుక్కని వదలకపోవడంతో ముగుస్తుంది. చివరి కుక్క అందరికీ తెలుసు. ధర్మరాజు వెనకాల స్వర్గం గుమ్మం దాకా నడిచింది కాబట్టి పురాణం చెప్పేవాళ్ళు దాన్ని మర్చిపోరు. మొదటి కుక్క చాలామందికి పట్టదు. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడికి ఒక కుక్కపిల్ల వచ్చింది. రాజుగారి తమ్ముళ్ళు శ్రుతసేనుడు, భీమసేనుడు, ఉగ్రసేనుడు దాన్ని చావగొట్టారు. అది ఏడుస్తూ వెళ్ళి తల్లి సరమతో చెప్పుకుంది. సరమ తిన్నగా రాజు దగ్గరికే వచ్చింది. నా బిడ్డ హవిస్సు ముట్టలేదు, అటు కన్నెత్తి చూడలేదు, ఏం తప్పు చేసిందని కొట్టారు అని అడిగింది. సభలో ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు శపించింది, ఎటునుంచి వస్తుందో తెలియని భయం నిన్ను పట్టుకుంటుందని.

నన్నయగారు ఈ కథని తెలుగు చేసింది మాకు దిగువనే, 11వ శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో. మా పోలవరం రేవు దాటిన నీళ్ళే అక్కడికి వెళ్తాయి. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయినవాణ్ణి. సాయంత్రాలు రామాలయం అరుగు మీద వచ్చిన నలుగురికీ భారతం చదివి చెబుతుంటాను. సరమ శాపం సరిగ్గా అర్థం కావాలంటే సంస్కృతం వస్తే చాలదు, కుక్కకాట్లు చూసి ఉండాలని నా పట్టుదల. ఎందుకో చెప్తాను.

మా వీధి చివర మేడ రిటైర్డ్ హెడ్మాస్టరుగారిది. వాళ్ళబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే రోజుల్లో ఒక కోర్గీ జాతి కుక్కపిల్లని కొన్నాడు. ఆ తరవాత అమెరికా ప్రయాణం కుదిరింది. కుక్క కారెక్కి పోలవరం వచ్చింది. నక్క మొహం, నిక్కబొడిచిన చెవులు, అడుగు ఎత్తు, పొడుగు నడుం, 12 కిలోల బరువు. పేరు కోకో. వచ్చిన కొత్తలో వీధి పిల్లలు గేటు దగ్గర వరసకట్టి చూశారు. తోకేదండీ అని అందరూ అడిగేవాళ్ళు. పెంబ్రోక్ కోర్గీలకి కొన్నిటికి పుట్టుకతోనే తోక మొండిగా ఉంటుంది, మిగతావాటికి పుట్టగానే కత్తిరించే అలవాటు కొన్ని దేశాల్లో ఉంది. కుక్కతోక వంకర అనే మన సామెతకి చిక్కని కుక్క ఇదొక్కటే అని నేనంటే మాస్టారు నవ్వారు. ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు.

సంక్రాంతికి తాడేపల్లిగూడెం నుంచి కూతురి పిల్లలు వచ్చారు. పెరట్లో వాళ్ళు పరిగెట్టడం మొదలెట్టగానే కోకో చుట్టూ తిరిగి, అందరినీ కొబ్బరిచెట్టు మూలకి తోలి, తప్పించుకుపోతున్న చిన్నవాడి మడమ పట్టుకుంది. రక్తం రాలేదు కానీ గాటు పడింది. వీధిలోకి పాలవాడి మోటార్‌సైకిలు వస్తే గేటు విరిగేలా మొరిగేది. సాక్సో తువ్వాలో ఎత్తుకెళ్ళి మంచం కింద దూరి, ఎవరైనా చెయ్యి పెడితే గుర్రుమనేది. మాస్టారు చేతికర్రతో రెండు తగిలించారు. ‘బడిలో బెత్తం పనిచెయ్యలేదా ఏవయ్యా’ అన్నారు నాతో. పిల్లాడికి ఎందుకు కొట్టారో తెలుస్తుంది మాస్టారూ, తెలుస్తుందని కనీసం మనం అనుకుంటాం అన్నాను. ఆయనకి నచ్చలేదు.

మాస్టారి భార్య వేరే మాట అడిగింది. ‘అన్నయ్యగారూ, ఇది ఏ జన్మలో చేసుకున్న పాపమండీ?’ అని. కుక్క చేసుకున్నదా, ఆవిడ చేసుకున్నదా అన్నది ఆవిడకీ స్పష్టంగా లేదు. మన పెద్దవాళ్ళ లెక్క ప్రకారం పశువుది భోగయోని. పాత కర్మని అనుభవించడానికి వచ్చిన ఒళ్ళు అది. కొత్త పాపం మూటగట్టుకునే అధికారం దానికి లేదు, పుణ్యానికీ లేదు. ఇది మంచి, ఇది చెడు అని తెలిసి, రెండో దారి కూడా ఉండి, ఈ దారిన నడిచినవాడికే కర్మ అంటుతుంది. ఆ లెక్కన కోకో మనవడి మడమ పట్టుకోవడం పాపం కాదు, తప్పు కూడా కాదు. తప్పు కానిదానికి దెబ్బ ఎలా వేస్తాం? సరమ అడిగిందీ ఇదే. పెద్ద యాగం చేస్తున్న వంశంలో దానికి జవాబు చెప్పగలవాడు ఒక్కడూ లేకపోయాడు.

అయితే ఆ మడమ మీదే దాని కన్ను ఎందుకు పడింది? ఈ జాతి పుట్టింది బ్రిటన్లో వేల్స్ ప్రాంతంలో. పని, ఆవుల మందల్ని తోలడం. మందని ముందునుంచి పిలిచే కుక్క కాదిది, వెనకనుంచి మడమలు కొరికి నడిపించే కుక్క. ఆవు తన్నితే ఆ కాలు పైనుంచి పోవాలి, అందుకని పొట్టివాటినే ఏరి ఏరి పెంచారు. ఆ పొట్టికాళ్ళకి కారణం ఎదుగుదలకి సంబంధించిన ఒక జన్యువుకి అదనంగా చేరిన నకలు అని 2009లో అమెరికా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. బ్రిటన్లో కెన్నెల్ క్లబ్బు 1920ల్లో గుర్తింపు ఇచ్చింది, 1934లో పెంబ్రోక్, కార్డిగన్ అని రెండు జాతులుగా విడదీసింది. ఈలోగా 1933లో డూకీ అనే కోర్గీ రాజకుటుంబంలో చేరింది. చిన్నప్పటి రెండో ఎలిజబెత్ దానితో ఆడుకుంది, 1944లో 18వ పుట్టినరోజుకి సూసన్ అనే ఇంకొకదాన్ని బహుమతిగా అందుకుంది, ఆ సంతతినే తరతరాలుగా పెంచింది. అంత పనివాళ్ళున్న ఇంట్లోనే 1991లో కోర్గీలు కొట్టుకుంటుంటే విడదీయబోయి రాణిగారు చెయ్యి కరిపించుకుంది, మూడు కుట్లు పడ్డాయి. పోలవరంలో మాస్టారి వల్ల కాకపోతే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఒకరోజు సాయంత్రం గేటు తీసి ఉంటే కోకో వీధిలోకి పోయింది. గట్టు దిగి ఇళ్ళకొస్తున్న గేదెలు ఎదురయ్యాయి. దానికి గేదె అంటే ఏమిటో అంతకుముందు తెలీదు, అపార్టుమెంటులో పుట్టిపెరిగిన ప్రాణి. తెలీకపోయినా వెనక్కి చుట్టి వచ్చి, వెనకబడిన దాని కాలిమడమ మీద ముట్టె పెట్టింది. గేదె తన్నింది. కోకో నేలకి అతుక్కుపోయింది, గిట్ట దాని వీపు పైనుంచి గాలిలో పోయింది. గేదెలన్నీ బుద్ధిగా దారిన పడ్డాయి. తోలుకొస్తున్న కుర్రాడు ‘ఆయ్, దీన్ని నాకిచ్చెయ్యండి’ అన్నాడు మాస్టారితో. మనవడి దగ్గర నేరమైంది అక్కడ నైపుణ్యం. పని ఒక్కటే, పళ్ళూ అవే.

వేదకాలపు సరమ కూడా పశువుల వెంట వెళ్ళిన కుక్కేనని ఇక్కడ చెప్పుకోవాలి. పణులు దాచేసిన ఆవుల్ని వెతకడానికి ఇంద్రుడు పంపింది దాన్నే. రస అనే నది దాటి వెళ్ళి ఆవుల జాడ పట్టింది. ఋగ్వేదం పదో మండలంలో ఆ సంవాదం ఉంది. పణులు లంచం చూపిస్తారు, మాతో ఉండిపో, చెల్లెలిగా చూసుకుంటాం అంటారు. అది ఒప్పుకోదు.

గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు, జ్ఞానవంతుడైనా సరే తన స్వభావాన్ని బట్టే నడుస్తాడు, నిగ్రహం ఏం చేయగలదు అంటాడు. ఈ మాట పట్టుకుని మా అరుగు మీద ఒకాయన, ‘అయితే కట్టేసి ఉంచడమే, మార్చలేం’ అని తీర్పు చెప్పేశాడు. కుక్కని సింహాసనం ఎక్కించినా వెనకటి గుణం పోదన్న సుమతీ శతక పద్యం కూడా జోడించాడు. మన జనానికి గీతలో సగం శ్లోకం, శతకంలో సగం పద్యం దొరికితే చాలు, బద్ధకానికి ప్రమాణం దొరికినట్టే. ఆ శ్లోకం పక్కనే ఇంకోటుంది: ఇంద్రియాలకి వాటి వాటి విషయాల మీద ఇష్టం, ద్వేషం ఉండనే ఉంటాయి, నువ్వు వాటికి లొంగకు అని. లొంగకు అన్నది ఎవరితో? వినగలిగినవాడితో. నా మట్టుకు నేను మొదటి శ్లోకం కుక్క గురించి అనీ, రెండోది దాని గొలుసు పట్టుకున్నవాడి గురించి అనీ చదువుకుంటాను. కుక్క స్వభావం కొరకడం. కర్ర ఎత్తే చెయ్యి మాత్రం స్వభావం అని తప్పించుకోలేదు, ఎత్తకుండా ఉండే దారి దానికుంది.

ఇప్పుడు శాపం సంగతి. కుక్క కరిచే ముందు చెప్తుంది. ఒళ్ళు బిగుస్తుంది, కనుగుడ్ల అంచు తెల్లగా కనిపిస్తుంది, పెదవి లేస్తుంది, ఆఖరికి గుర్రుమంటుంది. గుర్రుమనడం మర్యాద. ఇంకా దగ్గరికి రావద్దని ముందుగా చెప్పడం. గుర్రుమన్నప్పుడల్లా కొడితే అది నేర్చుకునేది ఒక్కటే, గుర్రుమనకూడదని. లోపలి భయం పోదు. ఆనక ఒకరోజు ఏ హెచ్చరికా లేకుండా పళ్ళు దిగుతాయి. ‘ఏమీ చెయ్యలేదండీ, ఊరికే కరిచేసింది’ అంటూ ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఒక కర్ర ఉండేది. ఎటునుంచి వస్తుందో తెలియని భయం అని సరమ అన్నది ఇదే. అది మంత్రశక్తితో పెట్టిన శాపం అని నేననుకోను. నిర్దోషిని కొడితే జరిగేది ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే. మాస్టారికీ ఆ రోజు వచ్చింది. మంచం కింద తువ్వాలు కోసం చెయ్యి పెట్టారు. కోకో చప్పుడు చెయ్యలేదు. బొటనవేలి పక్కన రెండు పళ్ళు దిగాయి.

ఏ జన్మ పాపమైనా సరే, ముందు సబ్బూ కుళాయి నీళ్ళూ. పావుగంట ధారగా కడగాలి, పసుపూ సున్నం కారం పెట్టకూడదు, కట్టు బిగించకూడదు. అదేరోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలెట్టాలి. పెంపుడు కుక్కే కదా, దానికి సూది వేయించాం కదా అని ఆగకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే వైద్యం లేదు. మాస్టారు అన్ని సూదులూ వేయించుకున్నారు. చేతికర్ర నేను మా ఇంటికి తెచ్చేసుకున్నాను.

తరవాత జరిగింది వైరాగ్యం కాదు, చాకిరీ. మొదట కోకో ఒళ్ళంతా పశువుల డాక్టరుగారికి చూపించాం. పొడుగు నడుం కుక్కలకి వెన్నుపూసల మధ్య నొప్పి రావడం మామూలు, నొప్పి ఉన్న కుక్క ముట్టుకుంటే కరుస్తుంది. కోకోకి నడుం బాగానే ఉంది, చెవిలో చీము ఉంది. అది తగ్గాక సగం చిరాకు తగ్గింది. మంచం మీంచి దూకకుండా ఒక మెట్టు పెట్టించాం. దొంగిలించిన తువ్వాలు లాక్కోవడం మానేసి, ఉడికించిన కోడిమాంసం ముక్క చూపించి మార్చుకోవడం మొదలైంది. లంచం కదా అన్నారు మాస్టారు. పణులు ఇచ్చింది లంచం, ఇది జీతం అన్నాను.

పని లేని పనివాడు ఇల్లు పీకి పందిరేస్తాడు. కోకోకి పని కావాలి. మండుటెండల్లో తారురోడ్డు పాదాలు కాల్చేస్తుంది, రెండు పొరల బొచ్చు చలిదేశానికి అల్లిన కోటు. అందుకని తెల్లవారకముందే మాస్టారు గొలుసు పట్టుకుని ఏటిగట్టు మీద నడుస్తున్నారు. నదిలో పట్టిసీమ గుడి దీపం కనిపించే వేళ అది. పగటి తిండి గిన్నెలో పెట్టకుండా పెరట్లో గడ్డిలో చల్లి వాసన పట్టి వెతుక్కోమంటున్నారు. పిల్లలొస్తే వాళ్ళకీ నియమం ఉంది, కోకో మడమ దగ్గరికొస్తే పరిగెట్టకూడదు, కేకెయ్యకూడదు, రాయిలా నిలబడిపోవాలి. కదలని మంద మీద దానికి ఆసక్తి ఉండదు. అప్పుడు రబ్బరు బంతి విసిరితే దాని వెనకాల పోతుంది. పిల్లలు ఆ నియమం కుక్కకన్నా నెమ్మదిగా నేర్చుకున్నారు. అందరూ కలిసి పరిగెట్టే ఆటలప్పుడు దాన్ని లోపల చెక్క అడ్డు వెనక ఉంచుతారు. మోటార్‌సైకిలు దగ్గర మాత్రం మా విద్య పారలేదు. అది ఇవాళ్టికీ మొరుగుతుంది. పాలవాడు బండి వీధి మొదట్లో ఆపి, క్యాను పట్టుకుని సణుక్కుంటూ నడిచి వస్తాడు.

మాస్టారి భార్యకి ఇంకో బాధ ఉండేది, మడి. మన గృహస్థధర్మంలో కుక్కకి రోజూ అన్నం పెట్టమని ఉంది. వైశ్వదేవం అయ్యాక కుక్కలకీ కాకులకీ నేలమీద బలి పెట్టాలి. కానీ అది గుమ్మం బయట. తిండి మీద హక్కు ఉంది, ఇంట్లో చోటు లేదు. హాల్లో ఫ్యాను కింద పడుకునే కుక్క గురించి స్మృతికారులు ఆలోచించలేదు, పాపం వాళ్ళ ఊళ్ళలో కోర్గీలు లేవు. అయితే ఆవిడ పూజగదిలో దత్తాత్రేయుడి పటం ఉంది, ఏటా పిఠాపురం శ్రీపాద శ్రీవల్లభుడి దర్శనానికి వెళ్తుంది. ఆ పటంలో స్వామి కాళ్ళ దగ్గర నాలుగు కుక్కలున్నాయి, నాలుగు వేదాలని చెబుతారు. ‘అవి వేదాలండీ అన్నయ్యగారూ, ఇది కోకో’ అంది. ఆ వాదానికి నా దగ్గర జవాబు లేదు. పూజగదికీ వంటింటికీ అడ్డు పెట్టించుకుంది, హాలు ఒదిలేసింది. ఇద్దరికీ సరిపోయింది.

ఇంత జరుగుతుండగానే అబ్బాయి అమెరికా నుంచి ఒక సలహా ఇచ్చాడు, జంగారెడ్డిగూడెం వైపు ఎవరి తోటలోనైనా వదిలేస్తే హాయిగా తిరుగుతుంది కదా అని. కొనేటప్పుడు ఎవరినీ అడగనివాళ్ళు వదిలేటప్పుడు మాత్రం అందరినీ సలహా అడుగుతారు. అప్పుడే మేం అరుగు మీద మహాప్రస్థానిక పర్వంలో ఉన్నాం, తిక్కనగారి చేతిలో. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కని వదిలేసి ఎక్కమంటాడు. నమ్ముకున్నదాన్ని వదలడం శరణన్నవాణ్ణి వదలడంతో, స్త్రీని చంపడంతో, మిత్రద్రోహంతో సమానమైన పాపమంటాడు ధర్మరాజు. ఇంద్రుడు మంచి లాయరు. తమ్ముళ్ళనీ ద్రౌపదినీ దారిలో వదిలి వచ్చావు కదా, కుక్క దగ్గరే వచ్చిందా ధర్మం అంటాడు. దానికి ధర్మరాజు చెప్పిన జవాబు నాకు మొత్తం భారతంలో ఇష్టమైనది: వాళ్ళు చనిపోయాక వదిలాను, బతికి ఉండగా వదల్లేదు.

మా ప్రాంతంలో ఈ మాట చదివితే జనం ఒక్క క్షణం తలొంచుకుంటారు. పోలవరం ప్రాజెక్టు ముంపులో దాదాపు లక్ష కుటుంబాలు కదలాలి. దేవీపట్నం వైపు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరు మునిగాయి. పడవలో మనిషికే చోటు చాలని రోజున, మంచాలూ బియ్యం బస్తాలూ ఒదులుకుంటున్న రోజున, కుక్క ఒడ్డునే ఉండిపోతుంది. పునరావాస కాలనీలో గోడకి గోడ ఇళ్ళు, మేకలకే జాగా లేదు. ఆ మనుషులకి ధర్మరాజు జవాబు అప్పజెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పకూడదు కూడా. వాళ్ళనే ఎవరో వదిలేశారు. రెండో దారి ఉన్నవాడికే కర్మ అంటుతుందన్న సూత్రం కుక్కకే కాదు, వాళ్ళకీ వర్తిస్తుంది. మేడా పెరడూ ఫ్యాన్లూ పెన్షనూ ఉన్న మాస్టారికి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. అబ్బాయికి అసలే వర్తించదు.

ఆ కథలో నాకు కిట్టనిది ఒకటుంది. ధర్మరాజు కుక్కని వదలనన్నాక అది యమధర్మరాజుగా మారిపోతుంది. పరీక్ష నెగ్గావని మెచ్చుకుంటాడు, అందరూ సంతోషిస్తారు, కుక్క మాయం. హస్తినాపురం నుంచి హిమాలయం దాకా కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చిన కుక్క ఉత్త కుక్కే అయితే గుమ్మం దగ్గర ఏం జరిగేది? ఇంద్రుడు రథం వెనక్కి తిప్పుకునేవాడా? ధర్మరాజు మాత్రం అది ఉత్త కుక్కే అనుకుని ఆ మాట అన్నాడు, అందుకే ఆ మాటకి విలువ. దేవుడని తెలిస్తే నేనూ వదలను, మీరూ వదలరు. కాలభైరవుడి వాహనమని దణ్ణం పెట్టి, అదే చేత్తో వీధికుక్క మీద రాయి విసరడం మా ఊళ్ళో రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇదంతా అరుగు మీద చెప్తుంటే మాస్టారి భార్య వింటూ కూర్చుంది. ఆవిడ తత్త్వంలోకి రాలేదు. మర్నాడు పొద్దున్నే అబ్బాయికి ఫోన్ చేసి, కుక్క ఇక్కడే ఉంటుందనీ, వేసవిలోగా హాల్లో ఏసీ పెట్టించమనీ, కరెంటు బిల్లు కూడా నువ్వే కట్టాలనీ చెప్పింది.